పెనం చూసే రొట్టె

లోను ఫారంల రెండు గళ్లు.
ఎడమకు ప్రత్యక్షం, కుడికి పరోక్షం.
రొట్టెకు అంటుకునేది ఎడమకు,
అంటకుండ చుట్టు తిరిగేది కుడికి.
బ్యాంకు సారు చెప్పిండు గంతే, చాయ తాగి పోయిండు.
ఆ చాయ పైసలు ఏ గడిల రాయాల్నో అడుగుడు మర్సిన.

చండూరు బస్టాండు ఎనక మా జొన్నరొట్టెల కార్ఖాన:
రేకుల షెడ్డు, ఆరు పెనాలు, తొమ్మిది మంది ఆడోళ్లు.
పది పాసైన పాపానికి
పద్దుల బుక్కు నా ఒళ్లెకొచ్చింది.

జొన్నలు సులువు.
కిలో పిండికి పద్నాలుగు రొట్టెలు,
కండ్లు మూసుకొని ఎడమకు రాసిన.
ఈదమ్మ కూలి సుత ఎడమకే, రొట్టెకు మూడు రూపాయలు.
ఆమె చేతి చప్పుడింటే చాలు, లెక్క తెలుస్తది:
ముప్పై దెబ్బలకు ఒక రొట్టె.
నలభై పడ్డయంటే
ఇంట్ల కోడలితోని పంచాయితి అయ్యిందన్నట్టు.

షెడ్డు కిరాయి కుడికి. కరెంటు బుగ్గ కుడికి.
రొట్టె చేసినా చెయ్యకున్నా
నెల తిరగంగనే తలుపు కొట్టేటియన్ని కుడికి.
కుర్మయ్య జీతం కుడికి,
కట్టెలు కొడతడు, రాత్రి కావలుంటడు,
రొట్టె మాత్రం ముట్టడు.
మరి కట్టెలు?
మంట రొట్టెకు అంటుతది గద!
అంటుతది గని
ఏ కట్టె ఏ రొట్టెను కాల్చిందో సాక్ష్యం ఎవరు జెప్తరు?
సారుకు ఫోన్ చేస్తే
"ఇడదీసి చెప్పలేనిది కుడికేనమ్మా" అన్నడు.
ఇడదీసి చెప్పలేనిది.
ఆ మాట బుక్కు అట్ట లోపల రాసిపెట్టుకున్న.

నీళ్ల కాడ కలం ఆగింది.
బోరుల ఫ్లోరైడు, అందుకే డబ్బా నీళ్లు కొంటం.
పిండిల పోసిన చెంబు ఎడమకు,
చేతులు కడిగిన చెంబు కుడికి,
నడుమ మణెమ్మ గటగట తాగిన చెంబు?
మణెమ్మ మోకాళ్లు
చిన్నప్పటి బోరు నీళ్లకు వంకరవోయినయి,
పీట మీద కూసోరాదు.
ఆమె కోసమని ఒక పొయ్యిని నడుమెత్తుకు కట్టిచ్చినం,
మేస్త్రి కూలితోని నాలుగు వేల రెండొందలు.
ఏటా ఇంత అరిగినట్టు రాయాల్నంట, తరుగుదల అంటరంట.
పొయ్యి అరుగుడుకు ఫారంల జాగ ఉన్నది.

ఇగ తేలనిది పొద్దుగాల మొదటి రొట్టె.
పెనం కాలిందా లేదా చూసే రొట్టె.
అంచులు పచ్చి, నడుమ బొగ్గు,
పెనానికొకటి, దినాం ఆరు, నెలకు నూటయాభై ఆరు,
ఒక్కటి సుత అమ్మింది లేదు.
"నష్టం ఎందుకు? నీళ్లు చిలకరించి చూడున్రి,
చుర్రుమంటే కాలినట్టే" అన్న నేను.
మేనేజరు లెక్క అన్న.
ఎవరూ ఎదురు చెప్పలె.
ఆ పొద్దు చుర్రు చుర్రుమని ఆరు పెనాలు పలికినయి.
పదకొండు గంటలకు ఈదమ్మ దెబ్బలు
ఇరవైకి దిగినయి, రొట్టె అంచులు పగిలినయి.
మణెమ్మ పొయ్యి గోడ పట్టుకొని నిలబడ్డది.

అప్పుడు కుర్మయ్య చెప్పిండు నెమ్మదిగ, మొద్దు మీద గొడ్డలి పెట్టి:
ఆ రొట్టెను కావాల్నని రెండింతలు మందం కొడతరమ్మా.
తొమ్మిది మంది తుంచుకొని
ఉల్లిగడ్డతోని తింటరు,
ఇంటికాడ తినొచ్చే తీరిక ఎవరికున్నది.

తెల్లారి నేనే మొదటి ముద్ద పెనం మీదికి కొట్టిన,
సక్కగ రాలె, నవ్విన్రు.

సారు మళ్లొచ్చిండు, అద్దాలు పైకి జరిపి
"ఇదేందమ్మా, పెనం చూసే రొట్టె, ఎడమకు?" అన్నడు.
"అంటుకుంటది సారూ" అన్న.
లెక్కేసిండు. ఒక్కో మంచి రొట్టె మీద
తొమ్మిది పైసలు పడ్డది.
ఏమనలె. సంతకం పెట్టలె, కొట్టెయ్యలె,
ఫారం మడిచి సంచిల పెట్టుకుండు.

చాయ పెట్టినం.
ఆ పైసలు ఇయ్యాల సుత ఎక్కడా రాయలె.